మేస్త్రికి తెలియని బయట

నమోదు 1. లేవగానే 36.4

డాక్టర్ నీలవేణి గారి ఆజ్ఞ ప్రకారం కళ్ళు తెరవగానే, కాలు కింద పెట్టకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే థర్మామీటర్ నాలుక కింద పెట్టుకున్నాను. ఆ మూడో షరతు నాకు కష్టం. నిద్రలో కూడా ఎవరో ఒకరితో తగువు పడే మనిషిని. రోజుకో నమోదు, అంకె పక్కన నాలుగు మాటలు రాయమన్నారు: ఒళ్ళెలా ఉంది, నిద్ర పట్టిందా, మనసు బాగుందా అని. నాలుగు మాటలతో ఆగే దాన్ని కానని ఆవిడకి ఇంకా తెలియదు.

నా పేరు మందాకిని. చలివేంద్రం అనే మా ఊళ్ళో నీళ్ళ గది నాది. చందమామ మీద ఎండ ఎరగని గోతుల్లోంచి మావాళ్ళు తవ్వి పంపే మంచుగడ్డల్ని కరిగించి, వడగట్టి, ఊరందరికీ తాగడానికి ఇస్తాను. ఆ తవ్వేవాళ్ళలో మా ఆయన సూరిబాబు ఒకరు. గోతి నుంచి ఇక్కడికి బండి మీద మూడు రోజుల దారి. నెలకొకసారి సెలవు మీద వచ్చి, నాలుగైదు రోజులుండి వెళ్తారు. ఆ సెలవు ఎప్పుడన్నది మేస్త్రి చేతిలో ఉంది. మేస్త్రి మనిషి కాదు, పనులూ సెలవులూ గదులూ పంచిపెట్టే యంత్రం. గుమ్మం గుమ్మానికీ గోడలో దాని చెవి ఉంటుంది. తలుపుల దగ్గర కళ్ళు కూడా ఉండేవి గానీ దుమ్ము కొట్టుకుని ఎప్పుడో పోయాయి. ఇప్పుడు మనం చెప్పిందే దానికి తెలుస్తుంది.

మాకు బిడ్డ కావాలి. మూడేళ్ళయింది, రాలేదు. పరీక్షలన్నీ అయ్యాయి, ఇద్దరిలోనూ లోపం లేదు. ఈసారి ఓడ వచ్చినప్పుడు భూమికి దిగి వైద్యం చేయించుకోమని మా పేర రెండు సీట్లు పెట్టారు. ఒకసారి దిగినవాళ్ళని మళ్ళీ పైకి రానివ్వరు. ఊరు వదులుకోవాలా, బిడ్డ మీద ఆశ వదులుకోవాలా అన్నది ఓడ వచ్చేలోగా తేల్చుకోవాలి. ఈలోగా నీ ఒంటిని నువ్వు చదువుకో అని డాక్టర్ గారు థర్మామీటర్ చేతిలో పెట్టారు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే ఒంట్లో కాపురముంటున్నాను, అక్షరాభ్యాసం ఇప్పుడు.

నమోదు 4. 36.3

బళ్ళో నాకు నేర్పింది ఒక్కటే వాక్యం: పద్నాలుగో రోజున అండం విడుదలవుతుంది. డాక్టర్ గారు దాన్ని పలక మీద రాత చెరిపినట్టు చెరిపేశారు. ఏ రోజున విడుదలవుతుందో ఒక్కొక్కరికి ఒక్కో రకం, ఒకే మనిషికి ఒక్కో నెల ఒక్కో రకం. విడుదలైన తర్వాత మళ్ళీ నెలసరి వచ్చేదాకా ఉండే రెండు వారాలు మాత్రం దాదాపు స్థిరంగా ఉంటాయట. అంటే వెనక నుంచి లెక్క కుదురుతుంది, ముందు నుంచి కుదరదు. ముందు నుంచి తెలియాలంటే ఒళ్ళు చెప్పేది వినాలి.

ఒళ్ళు రెండు రకాలుగా చెబుతుందట. అండం రాబోయే ముందు కింద తడి మారుతుంది. మొదట పొడిగా, తర్వాత జిగటగా, చివరికి గుడ్డులోని తెల్లసొనలా తేటగా, వేళ్ళ మధ్య తీగలా సాగుతుంది. ఆ తడి ఉన్న రోజులే సారవంతమైన రోజులు. అండం విడుదలయ్యాక ఒంటి వేడి ఓ పిసరు పెరిగి, నెలసరి దాకా పైనే ఉంటుంది. తడి ముందుగా కబురు చెబుతుంది, వేడి అయిపోయిందని చెబుతుంది.

ఇక్కడ కోళ్ళు లేవు, తెల్లసొన చూసి ఎన్నాళ్ళయిందో. ఆ సంగతే గ్లోరీతో అంటే నవ్వింది. గ్లోరీ నాకు పక్క గది, నీళ్ళ గదిలో నా జోడీ. వాళ్ళాయన కూడా గోతిలోనే. తోట గదిలో బెండకాయలు కోసినప్పుడు చేతికి అంటుకునే జిగురు గుర్తు పెట్టుకోమంది, తనూ అలాగే నేర్చుకుందట. తనకి రెండేళ్ళ పాప ఉంది, అప్పుడే ఇంకొకరు వద్దని ఇవే గుర్తులు చూసుకుంటోంది. నేను పిలవడానికి చూసే రోజుల్ని తను తప్పించుకోవడానికి చూస్తోందన్నమాట. ఇది అజాగ్రత్తగా ఉంటే మోసం చేసే పద్ధతి అని డాక్టర్ గారు తనకి మరీ మరీ చెప్పారట.

"మీ ఆయన అల్లుడిలాగా కబురెట్టి వత్తాడక్కా. మా ఆయన ఎప్పుడు ఊడిపడతాడో ఆ దేవుడికే తెలీదు. అందుకే నాకీ పరీక్ష," అంది.

నమోదు 9. 36.3

బెండకాయ జిగురు. ఇంతకాలం ఇది ప్రతి నెలా వచ్చి పోతూనే ఉండి ఉంటుంది. నేనే ఏదో నలత అనుకుని పట్టించుకోలేదు. ఇవాళ దాన్ని గుర్తుపట్టగానే నాకు పట్టరాని సంతోషం కలిగింది.

పరుగున గుమ్మం దగ్గరికి వెళ్ళి మా ఆయనకి సెలవు అడిగాను. "గది సిద్ధంగా లేదు. సిద్ధమయ్యాక సెలవు మంజూరు చేయబడుతుంది," అంది మేస్త్రి. గదుల్లో గాలి దుమ్ము పట్టే జల్లెడలు మార్చే పని ఎప్పుడూ వెనకబడే ఉంటుంది కాబట్టి అదే అయి ఉంటుందని ఊరుకున్నాను.

మధ్యాహ్నం వచ్చిన మంచుగడ్డల్లో ఒకదాని మీద మేకుతో గీసిన రాత: తిన్నావా? ఆయన దస్తూరీ. అలాంటి గడ్డ వచ్చిన రోజు దాన్ని ఆఖర్న కరిగిస్తాను. గ్లోరీ చూసి, ఊరంతా మీ సరసం తాగుతున్నాం అంటుంది.

నమోదు 13. 36.7

వేడి నిన్ననే ఎక్కింది. జిగురు ఆరిపోయింది. ఇవాళ ఆయన వచ్చారు.

గుమ్మంలో ఆయన్ని చూడగానే సంతోషపడ్డాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అండం ఒక్క రోజుకి మించి బతకదని, దానికి ముందున్న రోజులే ముఖ్యమని డాక్టర్ గారు చెప్పిందంతా ఆయనకి చెప్పాను. ఆయన బూట్ల దుమ్ము దులుపుకుంటూ ఓపిగ్గా విన్నారు. సెలవని మేస్త్రి చెప్పిన గంటలోనే బయల్దేరానని, దారిలో నిద్ర కూడా పోలేదని అన్నారు.

"అయితే మూడేళ్ళ నుంచీ నేను లేటుగానే వత్తన్నానంటావా?" అని అడిగారు.

అవునని నోటితో అనలేక తల ఊపాను. ఆయన లేచి, బెండకాయ కూర చేస్తానని తోట గదికి వెళ్ళారు. ఆయనకి వంట రాదు, బాధేస్తే వంట చేస్తారు. తిన్నాను, ఉప్పెక్కువైంది.

నమోదు 26. 36.3

వేడి ఒక్కసారిగా దిగింది. దిగిన రోజే నెలసరి వస్తుందని నేను రాసుకుంటున్న ఈ అంకెల పట్టీ ముందే చెప్పింది, వచ్చింది. చెప్పి రావడం వల్ల బాధేం తగ్గలేదు గానీ, హఠాత్తుగా మీద పడలేదు.

గుమ్మం దగ్గర మేస్త్రికి "బయటున్నాను" అని చెప్పాను. ఎప్పటిలాగే నాలుగు రోజులు తేలిక పని ఇచ్చింది, కూర్చుని సీసాలకి చీటీలు అంటించడం. ఈ విషయంలో మాత్రం మా ఆడవాళ్ళందరికీ మేస్త్రి అంటే అభిమానం. మగవాళ్ళకి వివరించి చెప్పాల్సిన మాట దీనికి ఒక్క ముక్కలో అర్థమవుతుందని, ఎవరో ఇంగితం ఉన్నవాళ్ళు తయారుచేసి ఉంటారని అనుకుంటూ ఉంటాం.

గ్లోరీకి మాత్రం దాని మీద మంట. తనకీ నిన్న మొదలైంది, అయినా గడ్డలు మోయించింది. పక్షపాతం చూపిస్తోందని ఒకటే గొడవ.

"డేట్ వచ్చిందే మేస్త్రీ అంటే ఇయ్యాళ తారీకు చెప్తాది. ఇంకోసారి అంటే వారం కూడా చెప్పింది," అంది కోపంగా.

చీటీలు చేతిలోంచి జారిపోయేంతగా నవ్వాను. తర్వాత తన వాటా గడ్డలు కొన్ని నేనే మోశాను, తేలిక పని మనిషినైనా.

నమోదు 37. 36.3

మళ్ళీ జిగురు. మళ్ళీ సెలవు అడిగాను. మళ్ళీ "గది సిద్ధంగా లేదు." ఈసారి ఊరుకోలేదు. జల్లెడలు మార్చే వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగాను. మా గది జల్లెడ కొత్తదే, రెండు నెలల కిందటే మార్చారట. అక్కడే గోడ చెవి దగ్గర నిలబడి, నా గదికి ఏం రోగమని మేస్త్రిని అడిగాను.

"గదిలో లోపం లేదు. మీకు దుమ్ము మైల ఉంది. ఒక గది జల్లెడ ఒకరి దుమ్మునే భరించగలదు. గోతి నుంచి వచ్చేవారికి మీ మైల తీరాకే సెలవు."

దుమ్ము మైల అంటే ఇక్కడ అందరికీ తెలిసిందే. సూటు తొడుక్కుని బయటికి పోయి వచ్చినవాళ్ళ ఒంటికి పట్టిన దుమ్ము పూర్తిగా వదలడానికి పది రోజులు పడుతుంది. మొదట్లో ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు, అదే నిలిచిపోయింది. కానీ నేను బయట అడుగు పెట్టి ఏడాది దాటింది. ఆ మాటే అన్నాను.

"మీరే చెప్పారు," అంటూ మేస్త్రి నా గొంతునే నాకు వినిపించింది. "బయటున్నాను." ఆ ముందు నెలది: "మేస్త్రీ, బయటున్నానమ్మా." ఆ ముందుది, ఆ ముందుది. ఒకదాంట్లో నేను ఆవలిస్తున్నాను కూడా.

నాకు నవ్వొచ్చింది. జల్లెడల వాళ్ళు నా మొహం చూస్తున్నారు, నేను గోడ పట్టుకుని నవ్వుతున్నాను. బయట పని చేసినవాళ్ళకి ఇచ్చే తేలిక పనే మాకు ఇచ్చింది, దానికి మేం దాని ఇంగితాన్ని మెచ్చుకున్నాం. నాలుగు రోజులు బయట, పది రోజులు మైల, మూడు రోజులు దారి. సరిగ్గా జిగురు ఆరిపోయి వేడి ఎక్కే వేళకి మా ఆయన్ని ఇంటికి పంపుతోంది. ఒక్క నెల కాదు, మూడేళ్ళు. ఆ లెక్క పూర్తయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. జల్లెడలు మార్చే పెద్దాయన ఏమీ అడక్కుండా నీళ్ళు తెచ్చి ఇచ్చారు.

నమోదు 38. 36.4

నిద్ర పట్టలేదు, కాబట్టి ఈ అంకెని నమ్మకూడదు.

మా నాన్నమ్మ ప్రతి నెలా పెరటి వసారాలో చాప మీద ఉండేది, చెంబూ కంచమూ వేరే. మా అమ్మ ఆ పద్ధతి మానేసింది, ఎవరినీ విడిగా కూర్చోబెట్టలేదు. మాట మాత్రం మానలేదు. సిగ్గు లేకుండా చెప్పుకోవడానికి అదే వీలుగా ఉండేది. నేను ఆ మాటని ఎంతో భద్రంగా మూట కట్టుకుని భూమి దాటి తెచ్చుకున్నాను. ఇక్కడ చాప లేదు, వసారా లేదు. మాట ఒక్కటే ఉంది, అది నిజంగానే నా మొగుణ్ణి నాకు దూరం పెట్టింది. నాకు మేస్త్రి మీద కోపం రావడం లేదు. అది చెప్పింది చెప్పినట్టు విన్నది.

సాయంత్రం పంచాయతీలో లేచి అంతా చెప్పాను. గోతి వాళ్ళ భార్యలు పదిమందికి పైనే ఉన్నారు. మేస్త్రి వచ్చాక వాళ్ళలో కడుపు పండింది గ్లోరీకొక్కదానికే, మిగతా అందరం నెపాన్ని ఇక్కడి నేల మీదకి తోశాం, ఇక్కడి బరువు తక్కువతనం మీదకి తోశాం. గ్లోరీ ఒక్కతే "డేట్" అంటుంది. నేనది చెప్పగానే ఆడవాళ్ళంతా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. అధ్యక్షులు కామేశ్వర్రావు గారు చెవులు ఎర్రబడి, ఇది భూమికి రాసి సరిచేయించాల్సిన విషయమని, కొన్నాళ్ళు పడుతుందని అన్నారు. ఆ మాట అనడం మానేస్తే సరిపోతుంది కదా అన్నారు ఇంకెవరో. అప్పుడు వంట గది రాజ్యలక్ష్మి గారు లేచారు. మాట మానేస్తే తేలిక పని పోతుంది, అది లేకపోతే మొదటి రెండు రోజులు నడుం ఎత్తలేనని నిక్కచ్చిగా చెప్పారు. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

చివరికి తేలింది ఇది: ఆ రోజుల్లో తేలిక పని మేస్త్రి దయ కాదు, పంచాయతీ నియమం. నెలసరి అని పేరు పెట్టి మనిషికే చెప్పాలి, మనిషే పని మార్చాలి. ఆ బాధ్యత గ్లోరీకి అప్పగించారు. అందరికంటే ఎక్కువ గడ్డలు మోసింది తనే కాబట్టి ఎవరూ కాదనలేదు.

నేను హాలు గోడలో ఉన్న చెవి దగ్గరికి వెళ్ళాను.

"మేస్త్రీ, నేను బయట లేను. లోపలే ఉన్నాను."

"నమోదు చేశాను. ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి," అన్నాను.

నా వెనక మిగతావాళ్ళు వరస కట్టారు.

నమోదు 41. 36.7

మేస్త్రి ఆ గంటలోనే సెలవు ఇచ్చింది, ఆయన ఇవాళ దిగారు. వేడి నిన్ననే ఎక్కింది. ఈ నెల కూడా దాటిపోయింది, కానీ ఈసారి ఎందుకు దాటిందో ఇద్దరికీ తెలుసు. జరిగినదంతా విని ఆయన నా భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు ఉండిపోయారు.

ఓడ గురించి మాట్లాడుకున్నాం. మా నెల ఒక్కటి కూడా సరిగ్గా గడవకముందే ఓడ వచ్చి పోతుంది. మళ్ళీ వచ్చేసరికి నాకు నలభై దగ్గర పడుతుంది. డాక్టర్ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పారు: రోజులు సరిగ్గా కుదిరినా, ఏ లోపం లేని దంపతులకి కూడా ఒక్క నెలలో అవ్వాలని లేదు, ఆరు నెలలు, ఏడాది పట్టొచ్చు. రాకపోవచ్చు కూడా. ఆవిడ హామీ ఇస్తే బాగుండునని ఉంది. ఇవ్వకపోవడం వల్లే ఆవిడ మీద నమ్మకం.

నమోదు 58. 36.4

ఓడ వచ్చింది, వెళ్ళింది. మా సీట్లలో, ఇక్కడ పళ్ళ నొప్పికి వైద్యం కుదరని ఇద్దరు వెళ్ళారు. కిటికీ అద్దంలోంచి దాని వెలుగు కనుమరుగయ్యేదాకా చూశాను. భయమేసింది. చాలా భయమేసింది. వెళ్ళకూడదని నేనే అన్నాను, రేపు ఏమీ కాకపోతే ఆ మాట మోయాల్సింది నేనే. గోతి నుంచి గడ్డ వచ్చింది, దాని మీద ఈసారి ఏమీ గీయలేదు.

నమోదు 65. 36.3

జిగురు మొదలు. ఆయన నిన్ననే వచ్చేశారు. ఇవాళ రాయడానికేమీ లేదు, ఉన్నా రాయను.

నమోదు 83. 36.2

దిగింది.

అన్నీ సరిగ్గా చేశాం. ఆయన ఉన్నారు, రోజులు కుదిరాయి, గది సిద్ధంగా ఉంది. అయినా దిగింది. పొద్దున థర్మామీటర్‌ని గోడకేసి కొట్టబోయి ఆగాను, ఊళ్ళో ఇంకా రెండే ఉన్నాయి. గ్లోరీ దగ్గరికి వెళ్ళి "నెలసరి" అని చెప్పాను. తను చీటీల పని ఇచ్చి, పక్కనే కూర్చుని, ఏమీ మాట్లాడకుండా సగం చీటీలు తనే అంటించింది. తనలాంటి మనిషి అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేను మర్చిపోలేను.

ఒక్కటి మాత్రం నిజం. ఇంతకుముందు ఇది వచ్చినప్పుడల్లా నా ఒళ్ళు నన్ను మోసం చేసిందని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు తిట్టాలనిపించడం లేదు. అది తన పని తను చేసింది, చెప్పాల్సింది వేళకి చెప్పింది. ఇద్దరం కలిసి ఓడిపోయాం, అంతే.

నమోదు 96. 36.7

ఆయన ఇక్కడుండగానే వేడి ఎక్కింది. ఈసారి థర్మామీటర్ తనకి చూపించమని అడిగి, అంకె రెండుసార్లు చదివి, భద్రంగా డబ్బాలో పెట్టారు. సాయంత్రం బండెక్కారు. ఏమీ ఆశపడొద్దని ఒకరికొకరం చెప్పుకున్నాం, ఇద్దరం అబద్ధమే చెప్పుకున్నాం.

నమోదు 109. 36.8

ఈపాటికి దిగాలి.

నమోదు 115. 36.8

దిగలేదు. పద్దెనిమిది రోజులు దాటి వేడి పైనే ఉంటే అర్థమేమిటో డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు. అయినా ఆవిడ పరీక్ష చేశారు, చేసి నన్ను గట్టిగా కావలించుకున్నారు. ఇంకా చాలా మొదట్లో ఉంది, జాగ్రత్త అన్నారు. తల ఊపాను గానీ ఒక్క ముక్కా వినలేదు.

గోతికి మాట పంపాలంటే మేస్త్రి ద్వారానే పంపాలి, అక్కడ గుడారంలో అందరూ వింటారు. విననీ అనుకున్నాను. ఆయన గొంతు వినబడగానే నేను అనుకున్న మాటలన్నీ పోయి, మా అమ్మ, నాన్నమ్మ ఈ కబురు చెప్పడానికి ఏ మాట వాడేవారో అదే నోట్లోంచి వచ్చింది.

"ఏవండీ, నెల తప్పింది."

ఆయన వెనక ఎవరో పార కింద పెట్టినట్టు వినిపించింది. ఈలోగా మేస్త్రి మధ్యలో వచ్చింది.

"తప్పిపోయినవారి పూర్తి పేరు చెప్పండి. వెతకడానికి బండి పంపమంటారా?"

"వద్దు మేస్త్రీ," అన్నారు మా ఆయన. "ఎవరూ తప్పిపోలేదు. మా ఇంటికి మనిషొత్తన్నారు."